పురుగుంది, అటు రావద్దు

గోవిందప్ప గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పురుగు కనబడితే మనుషుల్ని ఆపేస్తారు. లోకంలో పురుగును చూసి గంతేసేవాళ్లున్నారు, చెప్పు తీసేవాళ్లున్నారు. ఈయన మాత్రం చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తి, "పురుగుండాది, ఎవురూ కదలాకండి" అంటారు. తర్వాత ఒక్కో అడుగే వెనక్కి వేస్తారు.

వెనక్కెందుకంటే, ఆయన దగ్గరున్నది జేబులో ఇమిడే కెమెరా కాదు. అడవిలో పులుల్ని తీసేవాళ్లు మోసుకెళ్లే టెలిఫొటో లెన్సు, మోచెయ్యంత పొడుగు. దానికీ కెమెరాకూ మధ్య ఒక గొట్టం ముక్క బిగించి, దాంతో చీమ మీసాలు తీస్తారు. మరీ దగ్గరైతే ఆ లెన్సుకు చూపు ఆనదు, దూరం కావాలి. ఈ వెనక్కి నడకలో కోకాపేటలోని వాళ్ల టవర్లలో ఆయన పడని చోటు లేదు. పూలకుండీలో కూర్చున్నారు. పిల్లల ఈతకొలనులో మునిగారు, లెన్సును మాత్రం నీళ్లపైకి ఎత్తిపట్టుకుని. ఒకసారి తెరిచి ఉన్న లిఫ్టులోకి అలాగే నడిచివెళ్లి, ఎవరింటి గుమ్మం ముందో తేలారు.

"దగ్గర్నుంచి తీసే చిన్న లెన్సులు ఉంటాయంట కదండీ, ఈ బరువెందుకు?" అని ఎదురింటి సురేంద్ర అడిగాడు ఒకరోజు.

"దగ్గరికి పోతే మన నీడ దాని మింద పడుతుందప్పా, బెదురుతుంది. దూరంగా నిలబడితే దాని కూడు అది తింటాంటుంది."

"పురుగు భోజనం గురించి కూడా మీకు బెంగేనా?"

"నీకు తినేటప్పుడు ఎవరన్నా నెత్తిన నిలబడితే మింగుడు పడుతుందా?"

సురేంద్రది గుంటూరు వైపు. అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా అందరితో సంతకాలు పెట్టించగల మనిషి. అలాంటివాడికి ఎదురింట్లో గోవిందప్ప గారు దొరకడం పూర్వజన్మ ఫలం.

నార్సింగిలో గోవిందప్ప గారి తమ్ముడి గృహప్రవేశానికి సురేంద్ర కూడా వెళ్లాడు. ఆవును లిఫ్టులో ఎక్కించేసరికే అందరికీ చెమటలు పట్టాయి. తీరా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తోరణంలోని మామిడాకు మీద సాలీడు. చెయ్యి లేచింది. దంపతులు, ఆవు, పాలగిన్నె, అన్నీ ఆగిపోయాయి.

"ముహూర్తం దాటిపోతోందండీ," అన్నారు పంతులుగారు.

"ముందు దాన్ని దాటనీ స్వామీ, తర్వాత మీరు దాటొచ్చు."

ఆవుకు అంత ఓపిక లేదు. రెండడుగులు ముందుకేసి తోరణం సగం తినేసింది. సాలీడు తెలివిగా పంతులుగారి కండువా మీదికి దూకింది. వ్రతం అయ్యేదాకా గోవిందప్ప గారు పంతులుగారి భుజాన్ని వదల్లేదు. ఇప్పుడు ఆ ఆల్బమ్ తెరిస్తే దంపతులు రెండు ఫొటోల్లో ఉంటారు, పంతులుగారి కండువా ముప్ఫై ఫొటోల్లో ఉంటుంది.

హైటెక్ సిటీలో ఆయన ఆఫీసువాళ్లదీ ఇదే కథ. విదేశం నుంచి క్లయింటు వస్తే, ఇవ్వాల్సిన పూలగుత్తిలో ఆకుపచ్చ పురుగొకటి కనబడింది. క్లయింటు చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. పై అధికారి పిలిచి, "మీ రివ్యూలో రాయాల్సి వస్తుంది" అన్నాడు. "రాయండి సార్. ఫొటో కూడా జతచేస్తా, బాగా వచ్చింది" అన్నారు ఈయన. వంగడం ఆయన వంట్లోనే లేదు, పురుగు నేలమీద ఉంటే తప్ప.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. అసలు గొడవ పార్కు చివర మొదలైంది. అక్కడ పారిజాతం పొదల వెనక నీడగా ఒక పొడుగాటి బెంచీ ఉంది. గోవిందప్ప గారు ఇంటినుంచి పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అక్కడికి పోయే దారికి అడ్డంగా లెన్సు పెట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. రెండయ్యేదాకా ఎవర్నీ పోనివ్వరు. తిన్నది అరగడానికి నడిచేవాళ్లు, చెవుల్లో మీటింగు పెట్టుకుని తిరిగేవాళ్లు, అందరూ వెనుదిరగాల్సిందే. ఫిర్యాదులు గుట్టపడ్డాయి.

సంఘం అధ్యక్షుడు లింగమూర్తి ఆ ఊరివాడే. ఆ టవర్లు లేచిన నేల ఒకప్పుడు వాళ్ల జామతోట. ఆయన సురేంద్రను పిలిచాడు.

"ఏంది సురేంద్రా, మీ దోస్తు పరేషాన్ చేస్తుండు. నా తోటల నన్నే ఆపిండు నిన్న. ఏదో పురుగు గుడ్లు వెడుతుందట. ఆదివారం మీటింగుల తేలాలె. దారన్నా ఇడవాలె, లేకుంటే ఆ కెమెరా గేటు లోపట కనవడొద్దు."

సురేంద్ర ఎదురింటి తలుపు కొట్టాడు.

"ఒక్క ఆ గంట మానెయ్యండి చాలు. ఉదయం మీ ఇష్టం, సాయంత్రం మీ ఇష్టం."

"ఆ గంట మాత్రం మానేది లేదు."

"కెమెరా మొత్తానికే ఆపేస్తారండీ. ఇంట్లో బొద్దింకల్ని తీసుకోవాల్సిందే ఇక."

"ఆపనీప్పా. లెన్సు లేకపోతే ఉత్త చేతులతో నిలబడతా."

సురేంద్రకు ఇక్కడే అనుమానం పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా పడుతుందనీ, ఆ వెలుతురులో తీసిన ఫొటో చచ్చిన ఫొటో అనీ గంటలకొద్దీ బోధించింది ఈయనే. మరి ఆ చచ్చిన వేళకోసం ప్రాణం పెడతారేం?

మర్నాడు జనరేటర్ గది వెనకనుంచి, పిల్లిలా, బెంచీ దగ్గరికి చేరాడు. అక్కడ పురుగు లేదు. నలుగురు ఆడవాళ్లు డబ్బాలు విప్పుకుని అన్నం తింటున్నారు. టవర్లలో ఇళ్లపని చేసేవాళ్లు. మధ్యలో కూర్చున్నది సురేంద్ర ఇంట్లో అంట్లు తోమే కొమురమ్మే. అతన్ని చూసి నోట్లో ముద్దతోనే లేచి నిలబడింది.

"కూసోలే సారూ," అంది, ముద్ద మింగి. "నిలవడే తింటున్నం."

సురేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. పనివాళ్లు పార్కు బెంచీల మీద కూర్చోరాదన్న నిబంధన రాసింది అతనే. కామాలతో సహా. ఎవరో అడిగితే కాదనలేక రాశాడు.

పొదలు తప్పించుకుని ఇవతలికి వచ్చాడు. గోవిందప్ప గారు ఎండలో, కన్ను కెమెరాకు ఆనించి, బొమ్మలా నిలబడి ఉన్నారు. లెన్సుకు మూత పెట్టే ఉంది.

"మూత తియ్యలేదండీ."

"తీసి ఏం చేసేది? ఈ ఎండకు ఒక్క పురుగన్నా బయటికొస్తుందా?"

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు కార్యదర్శివి, ఆపాల. ఆపకపోతే నిన్ను తిడతారు. నీకెందుకప్పా ఆ బాధ? నన్ను పిచ్చోడనుకుంటే ఎవురికీ నష్టం లేదు."

"మరి మీరు ఆఫీసుకు పోయిన రోజున?"

"సెల్లార్లో, కార్ల మధ్యన తింటాండారు."

సురేంద్ర వెనుదిరిగి ఇంటికి నడిచాడు. ఆ పూట ఇంట్లో భోజనానికి కూర్చుని, వడ్డించిన పప్పు చల్లారేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం మీటింగుకు గోవిందప్ప గారు లెన్సును భుజానికి తగిలించుకునే వచ్చారు. "కెమెరా తీసేది లేదు, దారి ఇడిసేది లేదు, రాసుకోండి" అని ముందే చెప్పి కూర్చున్నారు. లింగమూర్తి ముఖం ఎర్రబడింది. అప్పుడు సురేంద్ర లేచాడు. జన్మలో మొదటిసారి ఎవరూ అడగని కాగితం రాసుకొచ్చాడు. పార్కు చివర అరుదైన కీటకాలు మధ్యాహ్నం పూట విశ్రాంతి తీసుకుంటున్నాయనీ, వాటికోసం ఆ గంట ఆ మూలను కేటాయిస్తే మన టవర్లకు పర్యావరణం విషయంలో మంచి పేరొస్తుందనీ చదివాడు. గోవిందప్ప గారు నోరు తెరవబోతే కాలు తొక్కాడు.

పేరు అనగానే అందరూ నిటారుగా కూర్చున్నారు. పక్క టవర్లవాళ్లకు ఇలాంటిది లేదని ఎవరో అన్నారు. ఫ్లాటు రేటు పెరుగుతుందని ఇంకెవరో అన్నారు. పనిమనుషులు కూర్చోవడానికి ఒప్పుకోని సభ పురుగులు పడుకోవడానికి ఏకగ్రీవంగా చేతులెత్తింది.

"అరుదైనయా," అన్నాడు లింగమూర్తి మెత్తబడి. "మా తోటల అసొంటియి శాన ఉండేటియి."

వారం తిరక్కుండా ఆకుపచ్చ బోర్డు లేచింది. పదాలు సురేంద్రవే, ఏరి ఏరి పెట్టినవి: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు నివాసితులకు ప్రవేశం లేదు.

కొమురమ్మ డబ్బా చంకలో పెట్టుకుని బోర్డు ముందు నిలబడింది. "ఏం రాసిండ్రు సారూ? మమ్ముల పొమ్మన్నరా?"

"కాదమ్మా," అన్నారు గోవిందప్ప గారు, లెన్సు భుజాన మోస్తూ. "మీరు తప్ప ఇంకెవురూ రాగూడదని రాసినారు."

కొమురమ్మ బోర్డును మళ్లీ ఒకసారి కిందికీ మీదికీ చూసింది. ఆయన్నీ చూసింది.

"గట్లనా. మరి నువ్వుండేది ఈడనే గద. ఇంకేంది సారూ, నువ్వు గూడ బయటికి వో, మేం తినాలె."