వరస తప్పని పాస్టరు

సుమత్రా నుంచి భార్య రొమౌలితో మలేషియా వచ్చిన బతాకు తెగ పాస్టరు బిన్సార్, ఎవరు ఎదురైనా ముందు ఇంటిపేరు అడిగి, తర్వాత మెడ మీది చెమట తుడుచుకుంటాడు. ఇక్కడి చర్చిలో మగవాళ్లంతా దాదాపు రొమౌలి పుట్టింటి వంశంవాళ్లే. అంటే వాళ్ల భార్యలందరూ అతనికి బావమరిది భార్యల వరస. వాళ్ల తెగ ఆచారంలో ఆ వరస ఆడవాళ్లతో నేరుగా మాట్లాడకూడదు, తాకకూడదు. అందుకే రొమౌలి పక్కన లేకుండా గుమ్మం దాటడు. "సముద్రం దాటించి నన్ను దుబాసీని చేశారు కదయ్యా!" అంటుందామె.

మొన్న రొమౌలి బజారుకెళ్లినప్పుడు, ఆ వరస ఆడవాళ్లలో ఒకామె, తియాంబున్, చర్చిలోకి పరుగెత్తుకొచ్చింది. ఫ్యాక్టరీలో ఆమె భర్త మీద ఇనుపదూలం పడింది, ఆపరేషను జరుగుతోంది. ఆమె ఆచారం ప్రకారం చెక్క స్తంభం వైపు తిరిగి, "స్తంభమా, మా ఆయన కోసం ప్రార్థన చెయ్యమని పాస్టరుగారికి చెప్పవే" అని ఏడ్చింది. తల మీద చెయ్యి పెట్టి చేసే ప్రార్థన అది. బిన్సార్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

"స్తంభమా, ఆవిణ్ణి నిన్ను పట్టుకోమను" అన్నాడు చివరికి. ఆమె పట్టుకుంది. అవతలి వైపు తన అరచెయ్యి ఆనించి అతను ప్రార్థన మొదలుపెట్టాడు.

"స్తంభమా, వణుకుతున్నావే! పాస్టరుగారికీ భయంగా ఉందా?" అంది తియాంబున్.

"ఉందని చెప్పు" అన్నాడు బిన్సార్.