తెర కోసం తెచ్చిన తెల్లగుడ్డ

పక్షవాతంతో మంచం పట్టిన మా మామయ్య కోసం, భోపాల్‌పట్నంలోని మా ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో ప్రొజెక్టర్ పెట్టాలనుకున్నాం. తెరకని సంతలో తెల్లగుడ్డ కొన్నాను. జబ్బు మనిషి ఉన్న ఇంటికి తెల్లగుడ్డ పట్టుకెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారో నాకు తట్టలేదు.

గుడ్డను గోడకు బిగించి, మామయ్యను ఎదురుగా కూర్చోబెట్టామో లేదో, వాకిట్లో ఏడుపు వినిపించింది. చుట్టుపక్కలవాళ్లంతా చావింటికి తెచ్చినట్టు బియ్యం, కొత్త బట్టలు పట్టుకుని వచ్చారు.

"ఎప్పుడు పోయిండమ్మా?" అంటూ లోపలికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ, కుర్చీలో ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది.

గోడమీది తెల్లగుడ్డ చూశాక సంగతి అర్థమై నాకు సిగ్గేసింది. మామయ్యే మెల్లగా అన్నారు: "పోయినంక వచ్చేటోళ్లు ఉన్నప్పుడే వచ్చిండ్రు. కూసోమను బిడ్డా, సినిమా పెట్టు."

ఆయన మాత్రం తెరవైపు చూడనే లేదు. దాని వెలుగు పడుతున్న వాళ్ల మొహాలే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నేను మరచిపోలేను.