ఆరిన తర్వాతి రంగు

మా వదిన పోయిందన్న కబురు నాకు కోడుమూరు సంతలో అందింది. వేరుశనగ బస్తాల దగ్గర నిలబడి ఉన్నాను. మా వీధి మనిషి ఒకడు బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి, కాసేపు నా ముఖం చూసి, "ఇంటికి పోదాం రాప్పా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆమెకు జ్వరమని తెలిసే ఇల్లు కదిలాను. కర్నూలు దాకా బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఎండ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఏడవాల్సింది పోయి, మా పడసాల గోడను తలుచుకుంటూ వచ్చాను. దానికి ఇకమీదట రంగు ఎవరు కలుపుతారు అని.

మీలో ఎవరూ ఆమెను ఎరగరు. నేను బడికి పోయినవాణ్ణి కాను. అంగడిలో పద్దులు రాస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. ఏ రోజు సంగతి ఆ రోజు ఒక్క వరుసలో రాసి మూసేయడం నా అలవాటు. ఆమె విషయంలో ఆ ఒక్క వరుస చాలలేదు.

ఆమె మా అన్న భార్య. బద్వేలు దగ్గరి పల్లె పిల్ల. ఆమె మా ఇంటికి వచ్చేనాటికే మా అమ్మ కళ్ళకు శుక్లాలు ముదిరి ఉన్నాయి. పెండ్లిలో కోడలి తల నిమిరింది తప్ప ముఖం చూడలేదు. తర్వాత డాక్టరు శుక్లాలు తీసి దళసరి అద్దాలు ఇచ్చాడు. అందరం సంతోషపడ్డాం. కానీ మాది నడుమ ఆకాశం కనిపించే ఇల్లు, చుట్టూ పడసాల, అన్ని వైపులా తెల్ల గోడలు. పొద్దెక్కితే ఆ గోడలు మండేవి. ఆ తెలుపులో మా ముఖాలు ఆమెకు కరిగిపోయేవి. "సూపు ఇచ్చినాడంట. యాడ ఇచ్చినాడు? అంతా పాలే కనిపిస్తాండాయి" అనేది. కొన్నాళ్ళకు సామాన్ల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కూడు అక్కడికే. మాట అక్కడి నుంచే. గొంతును బట్టి మనిషిని పోల్చేది.

ఒకనాడు అమ్మ మంచినీళ్ళ కోసం తడుముకుంటూ వంటింట్లోకి పోయింది. వదిన పొయ్యి ముందు నుంచి లేచి, పొగకు మసిబారిన గోడకు ఆనుకుని దారి ఇచ్చింది. అమ్మ చెంబు పట్టుకుని ఆగిపోయింది. కొంతసేపు చూసి, "ముక్కుపుడక కొత్తదా?" అని అడిగింది.

అది పెండ్లినాటిది. వదిన ఆ మాట చెప్పలేదు. చేత్తో ముక్కుపుడక తాకి, వెనక ఉన్న గోడను చూసింది. ఆ రోజంతా ఇంట్లో ఎక్కడ ఏ గోడ దగ్గర నిలబడినా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉంది. సాయంత్రం నాతో అన్నది, "అత్త కండ్లు బాగానే ఉండాయప్పా. మన గోడలే బాగలేవు."

అది రాజధాని మా కర్నూలుకు వచ్చిన ఏడు. గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయి. ఆఫీసర్లకు అద్దెకు ఇవ్వవచ్చునని ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ గోడలకు సున్నం మీద సున్నం కొట్టిస్తున్నారు. ఊరంతా తెల్లబడుతున్న ఆ రోజుల్లో, ఉగాది ముందర, మా వదిన పెరట్లో గోలెం ముందు కూర్చుని సున్నంలో బొగ్గుపొడి కలిపింది.

పొడి నీళ్ళమీద తేలిపోయింది. గోడకు పూస్తే చారలు చారలుగా వచ్చింది. మా అన్న చూసి, ఇది ఇల్లా బర్రెల దొడ్డా అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ గోడ కడిగేసి, బొగ్గును గంజితో రోట్లో నూరింది. పాత చీరగుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు, కాస్త తుమ్మబంక వేసి, మళ్ళీ కలిపింది. ఈసారి చారలు రాలేదు. కానీ గోడ కారుమబ్బులా నల్లబడింది. ఎదురింటామె వచ్చి గడప దగ్గరే ఆగి, ఇల్లు కాలిందా అని అడిగింది. ఆ మాట విని అమ్మ గదిలో నుంచే అందుకుంది.

"నేనింకా పోకముందే ఇంటికి బూడిద పూస్తాండావా మ్మే?"

అన్నకు భయం వేసింది. పండుగ నాలుగు రోజుల్లో ఉంది. దానిమీద రెండు పూతలు తెల్లసున్నం కొట్టించేస్తాను అని మనిషి కోసం బయలుదేరాడు. వదిన వాకిట్లో ఆయనకు అడ్డంగా నిలబడింది. ఆమె మా అన్నకు ఎదురు నిలబడటం నేను చూసింది అదొక్కసారే. చేతులకు మోచేతుల దాకా రంగు. గొంతు పెంచలేదు. అమ్మకు వినపడేటట్టు మాత్రం అన్నది, "తడిమీద సూసి అనొద్దండత్తా. ఆరనీండి."

ఆ మధ్యాహ్నం అన్న మనిషి కోసం పోకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. గోడ తన పని తాను చేసుకుంది. పైనుంచి మొదలై అంగుళం అంగుళంగా నలుపు వదిలింది. పొద్దు వాలేసరికి అక్కడ నలుపూ లేదు, తెలుపూ లేదు.

ఆ రంగుకు ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. బూడిద అంటే తక్కువ చేసినట్టు, వెండి అంటే గొప్పలు పోయినట్టు. తెల్లవారుజామున గోడ ఎక్కడ ముగిసిందో గాలి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మిట్ట మధ్యాహ్నం కూడా ఇంట్లో ఇప్పుడో ఇంకాసేపటికో వాన పడేటట్టు ఉండేది. మాటలు కూడా మెత్తబడినట్టు తోచేది. మా సీమలో మబ్బు వస్తుంది, చూస్తుంది, పోతుంది. ఈ ఒక్కటి మా ఇంట్లో ఉండిపోయింది.

మర్నాడు వదిన అమ్మను చేయి పట్టుకుని పడసాలలోకి తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. అమ్మ మొదట తలమీది కొంగు తీయలేదు. తర్వాత తీసింది. "ఆ గోడ కాడ నిలబడు రా" అని నన్ను పిలిచింది. చాలాసేపు చూసి, "మీ నాయన మాదిరే అయినావే" అన్నది. మా నాయన పోయి ఎన్నో ఏండ్లయింది. అన్నను చూసింది, బక్కచిక్కినావన్నది. చివరికి వదిన వంతు వచ్చింది.

"నల్లపిల్లను తెచ్చినారని ఎవురో అనిరి" అన్నది అమ్మ. "బాగానే ఉండావే."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత అమ్మ సామాన్ల గదిలో కూర్చోలేదు.

ఏటా ఉగాది ముందు వదినే కలిపేది. కొలత చెప్పమని నేను అడిగేవాణ్ణి. లెక్క లేకపోతే నాకు ఊపిరాడదు. ఆమె చెప్పేది కాదు. పావురం రెక్క విప్పినప్పుడు లోపలి రంగు చూడమనేది. పని అయిన మధ్యాహ్నాలు ఆ గోడ కిందే కూర్చుని, తల వెనక్కి ఆనించి, కళ్ళు మూసుకునేది. తలనూనె మరక పడతాదని అమ్మ గదిమేది. ఆమె తల ఎత్తేది, మళ్ళీ ఆనించేది. ఆమెకు పిల్లలు లేరు. ఆ మాట మేము ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఒకసారి పుట్టింటి నుంచి ఆమెను తీసుకురావడానికి వెళ్ళాను. ఆ ఇంటికి గోడలు, నేల, కప్పు, అన్నీ కడప బండలే. బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా, బూడిద వెలుగుతో ఉంది. ఆమె ఒక బండకు తల ఆనించి నిద్రపోతూ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఆ రంగు అమ్మ కోసమా, తన కోసమా అని. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"పూసేటప్పుడు అత్త కోసమేనప్పా. ఆనుకున్నప్పుడు మాత్రం మా ఊరు గుర్తొస్తాది."

రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. గుడారాలు ఎత్తేశారు. మా గోడ అలాగే ఉంది. వదిన పోయింది.

మైల తీరాక ఇంటికి సున్నం కొట్టించడం మా ఆచారం. అన్న ఏ రంగు అని అడగలేదు. ఆయన ఏదీ అడిగే స్థితిలో లేడు. అమ్మ మాత్రం పొద్దున్నే నన్ను పిలిచి, "తెల్లది కొట్టిస్తారా?" అన్నది. కొంగు అప్పటికే తలమీదికి లాక్కుని ఉంది.

నేను గోలెం ముందు కూర్చున్నాను. బొగ్గు గంజితో నూరాను. కొలత లేదు. కప్పు మీద పావురాలు ఉన్నాయి గానీ ఒక్కటీ రెక్క విప్పలేదు. తోచినంత కలిపి, పడసాల గోడకు నేనే పూశాను. కారుమబ్బులా నల్లబడింది.

"ఆ పిల్ల కలిపినట్టే ఉంటాదా?" అన్నది అమ్మ వెనక నుంచి.

"ఆరనీమ్మా."

ఇద్దరం పీటలు వేసుకుని గోడకు ఎదురుగా కూర్చున్నాం. పైనుంచి మొదలైంది. అంగుళం అంగుళంగా నలుపు వదిలి, ఆ పేరులేని రంగు దిగుతూ వచ్చింది. అమ్మ కొంగు జారింది. ఆమె సరిచేసుకోలేదు. పొద్దు వాలేసరికి గోడంతా ఆరింది. కిందుగా, కూర్చున్న మనిషి తల ఎత్తులో ఒక్కచోట మాత్రం సున్నం పట్టలేదు. అరచేతంత, గుండ్రంగా, తడిలాగే నల్లగా ఉండిపోయింది.

అమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.