తుప్పు పట్టిన మూడు బోల్టులు

ఇప్పుడు మాదాపూర్‌ల రోడ్డు దాటాలంటేనే గుండె దడదడమంటది గని, నేను వయసులున్నప్పుడు ఆ దిక్కు ఎటు జూసినా గుట్టలు, బండలు, వాటి నడుమ అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల బిల్డింగులు. ఆ బిల్డింగులకొచ్చే సార్ల కార్లు బాగుచేసే రేకుల షెడ్డుల నేను ఊడ్చేదాన్ని. మా ఆయన పోయి ఏడాది గూడ కాలే. షెడ్డు మేస్త్రి మంచోడే గని నోరు పెద్దది. (నా నోరు అంతకంటే పెద్దది, అది వేరే ముచ్చట.)

పనిల చేరిన వారానికే నేనొక ఘనకార్యం చేసిన. మేస్త్రి మూడు కార్లు ఇప్పి, ఏ కారు స్క్రూలు ఆ కారు పక్కన గుడ్డ మీద పెట్టుకున్నడు. అయ్యో, ఇంత చిందరవందరా అని, బియ్యంల రాళ్లేరినట్టు అన్నీ ఏరి, చిన్నయి ఒక డబ్బల, పెద్దయి ఒక డబ్బల పోసి, మెచ్చుకుంటడని ఎదురుచూస్త నిలవడ్డ. మేస్త్రి ఆ డబ్బలు జూసి నెత్తి పట్టుకొని కూలవడ్డడు. "ఓ తల్లీ, నువ్వు ఊడ్వనూ వద్దు, సదరనూ వద్దు. ఇయ్యాల ఒక్కరోజు చెయ్యి, రేపటి నుంచి ఇంకో పని జూస్కో" అన్నడు. ఇంకో పని నాకెవరిస్తరు? చీపురు పట్టుకొని ఏడుస్తనే ఊడుస్తున్న.

గప్పుడే కళ్లద్దాలు పెట్టుకున్న ఒక సారు కారొచ్చింది. ఏసీ ముందర తిరిగే ఫ్యాను మోటరు కాలిపోయిందంట. "మధ్యాహ్నం మా ఆవిడనీ పసిబిడ్డనీ ఆస్పత్రి నుంచి తీసుకురావాలండి, ఈ ఎండలో ఏసీ లేకపోతే కష్టమండి" అని సారు చెమట తుడుచుకుంటున్నడు. కొత్త మోటరు తెచ్చిండ్రు గని పాతది ఊడితే గద పెట్టేది! దాని మూడు బోల్టులు వానలకు తుప్పు పట్టి కదలమంటున్నయి. మేస్త్రి పానాకు పైపు తొడిగి బలమంత పెట్టి గుంజిండు. టప్పుమన్నది. బోల్టు రాలే, దాని తలకాయ ఇరిగొచ్చింది.

"మిగిలిన రెండు గూడ గట్లనే ఇరుగుతయి, మేస్త్రీ. మా ఆయన బోరింగులు బాగుచేసెటోడు. తుప్పు బోల్టును బతిమాలితేనే వస్తదనెటోడు" అన్న నేను.

"అయితే బతిమాలు! రాకుంటే ఇప్పుడే ఇంటికి పో."

(నిజం చెప్పాలంటే నా జన్మల ఒక్క బోల్టు ఇప్పలే. ఆయనకు కిరసనాయిలు సీసా అందిస్త నిలవడ్డదాన్ని, అంతే.) ఫ్యాను ఎనకున్న ఏసీ జాలీకి దెబ్బ తాకకుండ అట్టముక్క అడ్డం పెట్టి, తుప్పు గీకి, కిరసనాయిలుల తడిపిన గుడ్డ చుట్టిన. మేస్త్రి ఊకే చెయ్యి పెట్టబోతడు. "నాననియ్యవయ్యా, శెనగపప్పు నానాలన్నా గంట పడ్తది!" అని సుత్తె జూపిచ్చిన. సారు గడియారం జూసుకుంటున్నడు. నేను గుడ్డ మీద ఇంకింత కిరసనాయిలు పోసిన.

గంటైనంక బోల్టు నెత్తి మీద సుత్తెతోని మెల్లగ టక్ టక్ కొట్టి, పానా పెట్టి తిప్పిన. మేస్త్రి లబోదిబోమన్నడు. "ఉల్టా తిప్పుతున్నవ్! అది బిగిచ్చుడు!"

"తెలుసు తియ్యి, ముందు జర బిగిస్తెనే తుప్పు పట్టు ఇడుస్తది" అన్న. కిర్రుమని ఎంట్రుకంత కదిలింది. ఇగ అటు కొంచెం, ఇటు కొంచెం, మళ్ల రెండు చుక్కల కిరసనాయిలు. చివరికి బోల్టు నా అరచేతిల పడ్డది! రెండోది ఇంకా జల్ది వచ్చింది. మోటరు పక్కకు తీసినంక తలకాయ లేని మొండిది గూడ బయటికి కనవడ్డది. దాన్ని పట్టకారుతో పట్టి గట్లనే బతిమాలిన.

కొత్త ఫ్యాను గిర్రుమంటే సారు మేస్త్రికి చెయ్యి కలపబోయిండు. "నాకు గాదు సార్, మా అక్కకు చెప్పుండ్రి" అన్నడు మేస్త్రి. మళ్ల నా దిక్కు జూడకుండనే, "రేపు జల్ది రా అక్కా, సైలెన్సరు బోల్టులు ఉన్నయి. స్క్రూలు మాత్రం ముట్టకు" అన్నడు.

ఆ సాయంత్రం చెంపకంటిన గ్రీజు కావాల్నని కడుక్కోకుండ మియాపూర్ బస్సెక్కిన. కండక్టరు "యాడికమ్మా?" అని అడిగితే, "కారు ఫ్యాను బోల్టులు మూడు ఇప్పిన!" అని బస్సంత ఇనేటట్టు చెప్పిన. అందరు నన్నే చూసిండ్రు. ఇప్పుడు యాదికొస్తే నవ్వొస్తది, జర సిగ్గయితది గూడ. అయినా గప్పటి ఆ పొల్ల ఇయ్యాల నా ముందర కూసుంటే, ముఖం కడుక్కోమని మాత్రం నేను చెప్ప.