తిత్తి మీద చెయ్యి

రెజిమెంటల్ బజార్‌ల కొత్త సెన్సర్ తీసుకొని అల్వాల్ బస్సెక్కిన. ఇంజన్‌లకు పోయే గాలిని కొలిచేది అది. ఓ కారుకు అదే ఖరాబైందని స్కానర్‌ల కోడ్ వస్తే, అంతకుముందే ఒకటి మార్చిన. తెల్లారేసరికి మీటర్ల కాడి ఇంజన్ లైటు మళ్ల వెలిగింది. ఈసారి సుత వెలిగితే ఇంక పనికి రావద్దని మా మెకానిక్ షెడ్డు ఓనర్ చెప్పిండు.

పక్క సీట్ల ఓ పెద్దామె, ఒళ్లో చర్చి హార్మోనియం పెట్టుకొని కూసుంది. నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పిన.

"మా పెట్టె సరిగ్గా పలక్కపోయినా అందరూ స్వరం పలికే రీడునే తప్పుపడతారు బాబూ. గాలి మధ్యలోనే పోతుంటే రీడేం చేస్తుంది?"

రైలు గేటు పడితే డ్రైవర్ ఇంజన్ ఆపిండు. ఆమె ఒక చేత్తో హార్మోనియం గాలితిత్తి ఊపుతూ, దాని మడతల మీద రెండో అరచెయ్యి జరుపుకుంట పోయింది. ఒకచోట చెయ్యి పడంగనే, గాలి పోతున్న సన్నటి బుస ఆగింది. "ఇదిగో" అన్నది.

షెడ్డుల కారు స్టార్ట్ చేసి, గాలి పోయే రబ్బరు పైపు మీద నేను సుత గట్లనే చెయ్యి జరిపిన. వంపు కింద చెయ్యి పడంగనే బుస ఆగింది, ఇంజన్ నిమ్మళమైంది. అక్కడ పైపు పగిలింది. సెన్సర్ దాటినంక ఆ పగుల్లకెళ్లి లెక్కల పడని దొంగగాలి దూరుతుండె, కోడేమో సెన్సర్ పేరు చెప్పబట్టె. పైపు మార్చిన, లైటు మళ్ల వెలగలే. కొత్త సెన్సర్ డబ్బా విప్పనే లేదు.

ఆమె పేరు అడగలేదు. ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. ఏ కోడ్ వచ్చినా ముందు పైపు మీదికే చెయ్యి పోతది. ఎప్పుడూ "ఇగో" అనే నాకు, బుస ఆగినప్పుడు మాత్రం ఆమె లెక్క "ఇదిగో" అనే వస్తది.