రెండు డబ్బాల లింగమూర్తి

రాజుల దండయాత్రలకు తేదీలున్నాయి. సూరత్‌లో మరమగ్గం నడిపే లింగమూర్తి చేతికొకటి చొప్పున రెండు నీళ్ల డబ్బాలతో మూడంతస్తులెక్కే ఆచారానికి మాత్రం ఏ చరిత్రకారుడూ తేదీ వేయలేదు. పెద్ద లోపమే. ఒక్కో డబ్బా పట్టుకొని రెండుసార్లు ఎక్కరాదా అన్నవాళ్లను అతను జాలిగా చూసేవాడు.

అసలు సంగతి అతనికీ, భార్య విజయరాణికీ మాత్రమే తెలుసు. చిన్నవాడు శివకృష్ణ పుట్టినప్పుడు ఆమెకు రెండోసారి కడుపు కోశారు. నెత్తురు చాలా పోయింది. దేవుడికీ డాక్టరమ్మకూ దండం పెట్టుకొని బయటపడ్డారు. "నీకు ఇగ కత్తి వద్దు, నేనే చేయించుకుంట" అని, సిరిసిల్ల దిక్కు సొంతూరికి పోయినప్పుడు లింగమూర్తి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకొచ్చాడు. సలాబత్‌పురా కార్ఖానాలో పక్క మగ్గం దశరథానిది మాత్రం ఒకటే సిద్ధాంతం: ఆపరేషనైన మగాడు నూలు చుట్టిన బీము ఎత్తలేడు. దాన్ని నోటితో ఖండించే ధైర్యం లేక లింగమూర్తి డబ్బాలు రెండు చేశాడు.

మొన్న కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లొచ్చారు. ఇవి ఆడవాళ్ల సొంత విషయాలంటూ ప్రశ్నలడిగే అమ్మాయి లింగమూర్తిని బయటికి పంపి తలుపేసింది. గ్యాలరీలో, అదే అంతస్తులో ఉండే దశరథం బీడీ కాలుస్తున్నాడు. మగ్గాల హోరులో బతికినవాళ్లకు చిన్నగా మాట్లాడటం చేతకాదన్న సంగతి ఆ అమ్మాయికి శిక్షణలో ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె ప్రశ్న వినబడలేదు. జవాబు వీధికంతా వినబడింది.

"అయింది దీదీ, ఆపరేషన్! నాకు గాదు, మా ఆయనకు!"

లోపల ఏదో అనుమానం వ్యక్తమైంది.

"అరె, నిజం దీదీ! మళ్ల నాకు కత్తి తాకనియ్యలే. గిసొంటి మనిషి దొరికినందుకు రోజూ దండం వెట్టుకుంట. రాస్కో!"

భూమి చీలితే బాగుండుననుకున్నాడు లింగమూర్తి. మూడో అంతస్తులో ఆ వసతి లేదు. అయినా ఇన్నేళ్లలో విజయరాణి తనతో ఈ మాట అనలేదు. తలుపు అవతలి నుంచైనా వినిపించినందుకు ఆ సర్వే అమ్మాయికి మనసులోనే నమస్కరించాడు.

దశరథం బీడీ ఆరిపోయింది. "ఏంది లింగన్నా, నిజమేనా?"

"నిజమే."

"ఎప్పుడు?"

"మా పోరడు పుట్టినంక."

"అంటే గా డబ్బాలన్నీ... నాతోని బీము గుడ ఎత్తినవు గదనే!"

"ఎత్తిన."

సిద్ధాంతకర్త ఆరిన బీడీని గోడకు నలిపి పారేశాడు. తర్వాత దగ్గరికి జరిగి, చెవిలో పరమ రహస్యంగా అడిగాడు: "జర చెప్పు, ఏ దవాఖానల చేస్తరు? నా పెండ్లాం నవతకు ఆపరేషనంటే మస్తు భయం."

ఆ రహస్యానికి ఎదురింటి కిటికీలు కూడా తెరుచుకున్నాయి.

తెల్లారి నల్లా వచ్చింది. లింగమూర్తి ఒక్కో డబ్బా పట్టుకొని రెండుసార్లు ఎక్కాడు. మోకాళ్లు ఎప్పటినుంచో నొప్పి పెడుతున్నాయి.