ఇంటింటికీ నాలా

ఇప్పుడంటే ఎన్నికలకు జీపులు, ఫ్లెక్సీలు, వంటవాళ్లు కావాలి కానీ, మేం కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో గొంతు గట్టిగా ఉండి, సాయంత్రాలు పనేమీ లేకపోతే చాలు, రాజకీయాల్లోకి దిగిపోవచ్చు. మా బావకు రెండు అర్హతలూ పుష్కలంగా ఉండేవి. (నాకు రెండోది మాత్రమే.) బావంటే చుట్టరికమేమీ కాదు, ఇనుప ఖనిజం రైళ్ల వెంట శ్రీకాకుళం నుంచి బస్తరు వచ్చిన కుటుంబాల్లో వాళ్లదొకటి, మాదొకటి. గని దిగువన మా బస్తీలో సైకిళ్లు బాగుచేసేవాడు. ఊరందరికీ బావే. మొన్న ఆయన ఇక పోటీ చేయనని వార్డు పదవి వదులుకుంటే, వీడ్కోలు సభలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు మా మొదటి సభ గుర్తొచ్చింది.

అప్పట్లో గని పైన కాలనీకి కొళాయిలుండేవి, మా బస్తీకి లేవు. ఆడవాళ్లు బిందెలతో స్టేషను దాకా నడిచేవారు. కొళాయి వేయిస్తానని బావ వార్డు ఎన్నికలో నిలబడ్డాడు. సంత రోజున స్టూలెక్కి, అందరికీ అర్థం కావాలని హిందీలో మొదలుపెట్టాడు. కొళాయిని హిందీలో నల్ అనాలి. ఆవేశంలో బావ నోట నాలా, అంటే మురుగుకాలువ, వచ్చేసింది. "హర్ ఘర్ మే నాలా లావూంగా!" ఇంటింటికీ మురుగుకాలువ తెస్తానని. చప్పట్లు మొదలుపెట్టే బాధ్యత నాది. విశ్వాసంగా కొట్టాను. ఒక్కణ్ణే కొట్టాను.

తెలంగాణ సరిహద్దులోని ఉసూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడి, చింతపండు అమ్ముకునే అవ్వ లేచింది. "ఏంది బిడ్డా, వానొస్తే నాలా మా ఇంట్లనే ఉంటది. మళ్ల నువ్వు తెచ్చుడేంది?"

సంతంతా గొల్లుమంది. "దిగిపో బావా, పరువు పోయింది" అని నేను చొక్కా లాగాను. బావ దిగాడు, పారిపోవడానికి మాత్రం కాదు. "నవ్వుతారేటి? ఇంట్లోకి కాలువొస్తే నవ్వులాటా? అవ్వా, నీ ఇల్లెక్కడో సూపించు" అంటూ ఆమె వెంట నడిచాడు.

నిజమే. గని నుంచి దిగిన ఎర్రనీళ్ల మరక గోడల మీద మోకాలెత్తున ఉంది. పాపం, ఆవిడ పొయ్యిని మంచమెక్కించుకుంది. బావ అప్పుడే పారలు తెప్పించాడు. ప్రచారానికి మిగిలిన రోజులన్నీ కాలువ మళ్లించడానికే సరిపోయాయి. (నా అరచేతుల బొబ్బలకు మా అమ్మ బావను తిట్టని తిట్టు లేదు.) బావ ఓడిపోయాడు. అవ్వ ఇంట్లోకి మాత్రం ఆ వానల్లో నీళ్లు రాలేదు. తర్వాతి ఎన్నికలో అవ్వే గడపగడపా తిరిగి బావను గెలిపించింది. కొళాయి వచ్చింది. మొదటి బిందె అవ్వదే.

సభలో ఇదంతా చెబుదామని లేచి, ఇప్పుడు లేని ఆ అవ్వ మాట ఎత్తగానే ఇక ముందుకు సాగలేకపోయాను. కూర్చుండిపోయాను. (నా ఉపన్యాసాల్లో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే.)

దండలు మోసుకుంటూ ఇద్దరం ఇంటిముఖం పట్టాం. దారి మధ్యలో మోకాళ్లు మొరాయిస్తే రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాం.

"రేపట్నుంచి కొళాయి రాలేదని నన్ను తిట్టీవోల్లే ఉండర్రా" అన్నాడు బావ దిగులుగా.

"నేనున్నాను కదా బావా."

"నువ్వా? నువ్వు తిడితే నవ్వొస్తాదిరా."

తిట్టి చూశాను. నిజంగానే నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. లేవడానికి మాత్రం ఒకరి చెయ్యి ఒకరికి కావలసి వచ్చింది.